మాట వినని రిమోటు



ఈ రోజు చెప్పుకునే మాట రిమోటు గురించి.

"రిమోటు గురించి చెప్పుకునేదేముంది? నొక్కితే టీవీ వస్తుంది. మళ్ళీ నొక్కితే పోతుంది. అంతేగదా!" అని నవ్వుకోకండి. నొక్కినా రాకపోతే ఏం చెయ్యాలి? పాత రిమోటు పగిలిపోతే కొత్తది ఎట్టా కుదుర్చుకోవాలి? ఈ సంగతి తెలిసిన ఆడవాళ్ళు ఊరికి ఎంతమంది ఉంటారు?

ఇంట్లో టీవీ ఆగిపోయిందనుకోండి. ఇల్లాలు రిమోటు చేతిలోకి తీసుకుంటుంది. "నువ్వు చెయ్యి పెట్టొద్దు. పాడుచేస్తావు" అంటాడు ఇంటాయన. "నీకు తెలియదులే అమ్మా, ఇటివ్వు" అంటాడు కొడుకు. వాళ్ళిద్దరూ ఇంట్లో లేకపోతే ఆ పూటకు టీవీ లేనట్టే. లేదంటే మెకానిక్కుకు కబురు పోతుంది. అతను వస్తాడు. రిమోటు వెనక మూత తీస్తాడు. పాత సెల్లు తీసి కొత్త సెల్లు వేస్తాడు. డబ్బులు తీసుకుని వెళ్తాడు.

ఆ పని ఆడమనిషి చెయ్యలేదా? ఎందుకు చెయ్యలేదు! ఆ పనికి మూడే మూడు కావాలి. సెల్లు మీద గుర్తు చూసి పోల్చుకోవాలి. కాగితం మీద అంకెలు చదవాలి. చెప్పిన వరుస తప్పకుండా నొక్కాలి. అక్షరాలు, అంకెలు నేర్చుకున్న మీకు ఈ మూడూ వచ్చు. రానిదల్లా ధైర్యం ఒక్కటే. తెలిస్తే అదీ వస్తుంది.

ఒక ఇంట్లో రెండు రిమోట్లు

పెనుగంచిప్రోలు మునేటి ఒడ్డున ఉన్న ఊరు. తిరుపతమ్మ తల్లి గుడి ఉన్న ఊరు. తిరునాళ్ళకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఒకప్పుడు కృష్ణా జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది.

ఇక్కడి ఆడవాళ్ళకు పొద్దస్తమానం పనే. మిరపకాయ కోతలు, పత్తి తీతలు, గొడ్లు, వంట. రాత్రి కాసేపు టీవీ ముందు కూర్చుంటే అదే విశ్రాంతి. విశ్రాంతి ఒక్కటే కాదు. వానాకాలంలో వార్తలు చాలా అవసరం. 2023 జూలైలో మునేరు పొంగింది. నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాదు - విజయవాడ రోడ్డు మీదికి నీళ్ళు వచ్చాయి. 2024 సెప్టెంబరులో మళ్ళీ పొంగింది. అటువంటప్పుడు పైన ఎక్కడ వాన పడుతున్నదో, ఏరు ఎంత పెరిగిందో తెలియాలి. ఆ వేళకు రిమోటు పనిచెయ్యక టీవీ మూగదైతే ఎట్టా?

ఇదివరకు ఈ బాధ లేదు. హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైంది. అప్పటి టీవీకి ముందు గుండ్రటి మరలు ఉండేవి. లేచి వెళ్ళి చేత్తో తిప్పేవాళ్ళు. వచ్చేది ఒక్క చానెలు. తిప్పే పని కూడా తక్కువే. 1995లో ఈటీవీ, జెమిని వంటి తెలుగు చానెళ్ళు వచ్చాయి. కేబుల్ వైరు ఇళ్ళకు చేరింది. చానెళ్ళు పెరిగాయి. మాటిమాటికీ లేవలేక రిమోటు పట్టుకోవడం అలవాటైంది.

ఆ తరవాత బాక్సు వచ్చింది. కేబుల్ చట్టాన్ని 2011లో మార్చారు. టీవీ పక్కన సెట్ టాప్ బాక్సు ఉండాలన్నారు. పట్నాల్లో ముందు, పల్లెల్లో చివరకు ఈ మార్పు జరిగింది. 2017 డిసెంబరు 27న ఆంధ్రప్రదేశ్ ఫైబర్ నెట్ ప్రారంభమైంది. మొదట్లో నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్టు అన్నారు. దానికీ ఒక బాక్సు ఉంది. డిష్ పెట్టుకున్నవాళ్ళకూ బాక్సు ఉంది.

బాక్సుతోపాటు దాని రిమోటు వచ్చింది. టీవీకి ఒకటి, బాక్సుకు ఒకటి. ఇంట్లో రెండు రిమోట్లయ్యాయి. పాటల పెట్టె ఉంటే మూడోది. చిక్కంతా అక్కడే మొదలైంది.

రిమోటు ఎట్టా మాట్లాడుతుంది?

రాత్రిపూట పొలంలో కాపలా ఉన్న మనిషి అవతలి గట్టు మీది మనిషికి టార్చిలైటుతో సైగ చేస్తాడు. ఒకసారి వెలిగిస్తే ఒక అర్థం. రెండుసార్లు వెలిగిస్తే ఇంకో అర్థం. రిమోటు చేసే పనీ అంతే.

రిమోటు ముందు కొసన చిన్న బల్బు ఉంటుంది. అది కూడా వెలుగుతుంది. కాని ఆ వెలుగు మనిషి కంటికి కనబడదు. ఎరుపు రంగుకు అవతల ఉండే వెలుగు అది. దాన్ని పరారుణ కాంతి అంటారు. బటన్ నొక్కగానే ఆ బల్బు చాలా వేగంగా వెలిగి ఆరుతుంది. ఎక్కువ రిమోట్లలో సెకనుకు సుమారు 38 వేల సార్లు. మధ్యమధ్య ఆగుతుంది. ఆ ఆగడంలోనే అర్థం ఉంది. ఎంతసేపు వెలిగింది, ఎంతసేపు ఆగింది అన్నదాన్నిబట్టి "సౌండ్ పెంచు" అనో, "చానెలు మార్చు" అనో టీవీకి తెలుస్తుంది. టీవీ ముందు చిన్న నల్లటి కిటికీలాంటిది ఉంటుంది. అదే టీవీకి కన్ను. దానితో సైగను చూస్తుంది.

వెలుగు గోడ దాటదు. మందపాటి గుడ్డ దాటదు. అందుకే రిమోటుకు, ఆ కన్నుకు మధ్య ఏదైనా అడ్డం వస్తే టీవీ మాట వినదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే సగం రోగాలు తెలిసిపోతాయి.

ఒక్కో కంపెనీది ఒక్కో భాష

ఒక టీవీ రిమోటు ఇంకో కంపెనీ టీవీకి పనిచెయ్యదు. ఎందుకని? సైగల భాష వేరు. తెలుగు మాత్రమే తెలిసిన మనిషితో తమిళంలో మాట్లాడితే ఏం అర్థమవుతుంది? వింటాడు. ఊరుకుంటాడు. టీవీ కూడా అంతే.

అందుకని అన్ని భాషలూ తెలిసిన రిమోటు తయారుచేశారు. దాని పేరు యూనివర్సల్ రిమోటు. ఊళ్ళల్లో "అన్నిటికీ పనిచేసే రిమోటు" అంటారు.

రిమోటు పుట్టింది అమెరికాలో. 1955లో జెనిత్ అనే కంపెనీలో పనిచేసే యూజీన్ పోలీ వైరు లేని రిమోటు చేశాడు. టార్చిలైటులాంటిది అది. దాని వెలుగు టీవీ మూలల మీద పడితే టీవీ పనిచేసేది. ఎండ పడ్డా పనిచేసేది! అదే చిక్కయింది. 1956లో అదే కంపెనీలోని రాబర్ట్ ఆడ్లర్ చప్పుడుతో పనిచేసే రిమోటు చేశాడు. లోపల నాలుగు అల్యూమినియం కడ్డీలు ఉండేవి. బటన్ నొక్కితే చిన్న సుత్తి కడ్డీని కొట్టేది. మనిషి చెవికి వినబడని చప్పుడు వచ్చేది. దానికి సెల్లుతోనే పనిలేదు. పరారుణ కాంతి రిమోట్లు ఆ తరవాత వచ్చాయి.

1985లో ఫిలిప్స్ కంపెనీ మాగ్నవాక్స్ అనే పేరుతో యూనివర్సల్ రిమోటు తెచ్చింది. 1987లో ఇంకొకటి వచ్చింది. దాని పేరు కోర్. చేసిన మనిషి స్టీవ్ వోజ్నియాక్. ఆపిల్ కంప్యూటరు కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడు. ఆ రిమోటు గొప్ప ఏమిటంటే, అది వేరే రిమోట్ల దగ్గర నేర్చుకుంటుంది.

ఇప్పుడు బజారులో ఈ రెండు రకాలూ దొరుకుతాయి. ఒకటి అంకెలు చెబితే తెలుసుకునేది. రెండోది చూసి నేర్చుకునేది. జగ్గయ్యపేట, నందిగామ వెళ్ళినప్పుడు కొనవచ్చు. కొనేముందు కొట్టువాడికి రెండు మాటలు చెప్పాలి. "మా టీవీ ఫలానా కంపెనీది. మా బాక్సు ఫలానాది." ఈ పేర్లు టీవీ మీద, బాక్సు మీద రాసి ఉంటాయి. ఇంటి దగ్గరే కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళండి. పగిలినా సరే, పాత రిమోటు కూడా వెంట తీసుకెళ్ళండి. అటువంటిదే దొరికితే అంకెలతో పనే ఉండదు.

అంకెలు చెప్పే పద్ధతి

యూనివర్సల్ రిమోటుతో ఒక కాగితం ఇస్తారు. పారెయ్యకండి. పొయ్యిలో వెయ్యకండి. తాళపు కప్ప రిమోటైతే తాళంచెవి ఆ కాగితమే. అందులో కంపెనీల పేర్లు, పక్కన అంకెలు ఉంటాయి. కొన్నిటికి మూడంకెలు. కొన్నిటికి నాలుగంకెలు. ఒక కంపెనీ పేరు పక్కన నాలుగైదు వరుసలు ఉండవచ్చు. అవే భాషల గుర్తులు.

పని ఈ వరుసలో చెయ్యాలి.

ఒకటి: రిమోటులో కొత్త సెల్లు వెయ్యండి.

రెండు: టీవీని చేత్తోనే ఆన్ చెయ్యండి. టీవీకి పక్కనో, వెనకో, కిందో బటన్ ఉంటుంది. తడిమి చూడండి.

మూడు: రిమోటు మీద "సెట్" అనే బటన్ వెతకండి. ఎస్, ఈ, టీ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలుంటాయి. దాన్ని నొక్కి పట్టుకోండి. ఎర్ర దీపం వెలిగి నిలబడేదాకా వదలొద్దు.

నాలుగు: కాగితంలో మీ టీవీ కంపెనీ పేరు చూడండి. పక్కనున్న అంకెలు ఒక్కొక్కటే నొక్కండి. 0 1 2 5 అని ఉందనుకోండి. ముందు సున్న కూడా నొక్కాలి. సున్నకు విలువ లేదనుకుని వదిలేస్తే పని జరగదు.

ఐదు: దీపం ఆరిపోతుంది. ఇప్పుడు రిమోటును టీవీ వైపు పెట్టి ఎర్ర బటన్ నొక్కండి. టీవీ ఆగిపోతే అంకె కుదిరినట్టే.

ఆరు: అంతటితో తృప్తిపడొద్దు. మళ్ళీ ఆన్ చేసి సౌండ్ పెంచి చూడండి. తగ్గించి చూడండి. చానెలు మార్చి చూడండి. ఒకటి పనిచేసి ఇంకొకటి చెయ్యకపోతే కింది వరుసలోని అంకెలు నొక్కండి. ఓపిక పట్టాలి. బియ్యంలో రాళ్ళు ఏరే చేతులకు ఇది కష్టం కాదు.

కాగితం పోతే? దానికీ దారి ఉంది. చాలా రిమోట్లు తమంతట తామే అంకెలు వెతుక్కుంటాయి. సెట్ బటన్, ఎర్ర బటన్ కలిపి నొక్కి పడితే కొన్ని రిమోట్లు ఒక్కొక్క భాషే మాట్లాడుతూ పోతాయి. టీవీ ఆగిపోయిన క్షణంలోనే ఒక బటన్ నొక్కి ఆపాలి. ఆలస్యం చేస్తే ఆ భాష దాటిపోతుంది. మళ్ళీ మొదటికి రావాలి. ఏ బటన్లు కలిపి నొక్కాలన్నది రిమోటునుబట్టి మారుతుంది. కొనేటప్పుడే కొట్టువాడిని అడిగి, ఒకసారి చేసి చూపించమనండి. అడగడానికి సిగ్గుపడొద్దు. డబ్బిచ్చి కొంటున్నారు.

దిద్ది నేర్చుకునే పద్ధతి

మీరు అక్షరాలు ఎట్టా నేర్చుకున్నారు? పలక మీద ఎవరో "అ" రాసి ఇచ్చారు. దానిమీద మీరు దిద్దారు. దిద్దగా దిద్దగా చేతికి వచ్చింది. రెండో రకం రిమోటు కూడా అట్టాగే నేర్చుకుంటుంది.

చాలా కేబుల్ బాక్సుల రిమోట్లలో, డిష్ బాక్సుల రిమోట్లలో ఈ ఏర్పాటు ఉంటుంది. చాలామందికి ఆ సంగతే తెలియదు. బాక్సు రిమోటు మీద ఒక మూల "టీవీ" అని రాసి, గీత గీసి, దగ్గర దగ్గరగా నాలుగైదు బటన్లుంటాయి. టీవీ ఆన్ చేసేది ఒకటి, సౌండ్ పెంచేది ఒకటి, తగ్గించేది ఒకటి, దారి మార్చేది ఒకటి. అవి ఖాళీ పలకలు. వాటికి టీవీ రిమోటు చేత దిద్దించాలి. అప్పుడు ఒక్క రిమోటుతోనే టీవీ, బాక్సు రెండూ నడుస్తాయి.

రెండు రిమోట్లనూ బల్లమీద పెట్టండి. ఒకదాని ముందు కొసకు ఇంకోదాని ముందు కొస ఎదురెదురుగా ఉండాలి. మధ్య రెండు మూడు వేళ్ళ ఎడం చాలు. బాక్సు రిమోటు మీద సెట్ బటన్ నొక్కి పట్టండి. ఎర్ర దీపం నిలబడుతుంది. ఏ బటన్‌కు నేర్పాలో ఆ బటన్ నొక్కండి. ఇప్పుడు టీవీ రిమోటు మీద అదే పనిచేసే బటన్ నొక్కండి. బాక్సు రిమోటు దీపం టకటకా మెరుస్తుంది. నేర్చుకున్నానని చెప్పడం అది. ఇట్టాగే మిగిలిన బటన్లకూ నేర్పండి. ఆఖరుకు మళ్ళీ సెట్ నొక్కితే పాఠం అయిపోయినట్టు.

కొన్ని రిమోట్లలో ఈ వరుస కొంచెం తేడాగా ఉంటుంది. దీపం మెరిసే తీరు చూసుకుంటూ చేస్తే తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త. గురువు బతికి ఉండగానే చదువు నేర్చుకోవాలి. టీవీ రిమోటు పూర్తిగా చెడిపోయాక దాని దగ్గర నేర్చుకోవడం కుదరదు. అది పనిచేస్తున్నప్పుడే రెండోదానికి నేర్పి పెట్టుకోండి.

మాట వినకపోతే వరుసగా చూడాలి

రిమోటు పనిచెయ్యడం లేదు. ఏం చెయ్యాలి? చాలామంది చేసే మొదటి పని, దాన్ని అరచేతిలో వేసి కొట్టడం. రెండో పని, సెల్లు పళ్ళతో కొరకడం. ఈ రెండూ వద్దు. కొడితే లోపల అతుకులు ఊడతాయి. సెల్లు కొరికితే అందులోని మందు నోట్లోకి పోతుంది.

వరుసగా చూడండి. ఖర్చు లేనిది ముందు. ఖర్చయ్యేది చివర.

మొదట, తప్పు టీవీదా, రిమోటుదా తేల్చండి. టీవీకి ఉన్న బటన్ చేత్తో నొక్కండి. టీవీ వచ్చిందా? అయితే టీవీ బాగానే ఉంది. రాలేదా? ప్లగ్గు చూడండి. స్విచ్చు చూడండి. కరెంటు ఉందో లేదో చూడండి.

రెండోది, అడ్డం చూడండి. టీవీ కన్ను ముందు దేవుడి పటం పెట్టారా? పూలదండ వేలాడుతున్నదా? టీవీ మీద కప్పిన గుడ్డ కిందికి జారిందా? కిటికీలోంచి ఎండ నేరుగా టీవీ మీద పడుతున్నదా? ఎండలోనూ పరారుణ కాంతి ఉంటుంది. ఆ వెలుగులో రిమోటు సైగ కలిసిపోతుంది. తెర వేసి చూడండి.

మూడోది, సెల్లు చూడండి. మూత తీయండి. సెల్లుకు ఒక కొసన కూడిక గుర్తు, ఇంకో కొసన తీసివేత గుర్తు ఉంటాయి. రిమోటు లోపల కూడా అవే గుర్తులుంటాయి. కూడికకు కూడిక, తీసివేతకు తీసివేత కలవాలి. స్ప్రింగు ఉన్న వైపు తీసివేత. పాతది ఒకటి, కొత్తది ఒకటి కలిపి వెయ్యొద్దు. రెండూ ఒకేసారి మార్చండి. స్ప్రింగు మీద తెల్లపొడి, చిలుం కనబడితే సెల్లు కారిందన్నమాట. పొడిగుడ్డతో తుడవండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

నాలుగోది, రిమోటు సైగ చేస్తున్నదో లేదో చూడండి. దీనికి సెల్‌ఫోన్ చాలు. ఫోనులో కెమెరా తెరవండి. ముఖం ఫోటో తీసుకునే ముందు కెమెరా అయితే మేలు. రిమోటు బల్బును కెమెరాకు ఎదురుగా పెట్టి బటన్ నొక్కండి. కంటికి కనబడని వెలుగు ఫోను తెరమీద కనబడుతుంది. తెల్లగానో, వంకాయ రంగుగానో మినుకుమంటుంది. కనబడితే రిమోటు మాట్లాడుతున్నట్టే. కనబడకపోతే తొందరపడొద్దు. కొన్ని ఫోన్లు ఆ వెలుగును చూడలేవు. బాగా పనిచేసే ఇంకో రిమోటును అదే ఫోనుకు చూపించండి. అది కనబడి ఇది కనబడకపోతే అప్పుడు లోపం దీనిదే.

ఐదోది, బటన్లు. ఒక్క బటన్ మాత్రమే పనిచెయ్యదు, మిగతావి చేస్తాయి. అంటే దాని కింద జిడ్డో, దుమ్మో చేరింది. వంట చేస్తూ చేస్తూ వచ్చి నొక్కుతారు. నూనె, పసుపు, పిండి లోపలికి పోతాయి. సెల్లు తీసేసి, పొడి మెత్తటి గుడ్డతో బటన్ల చుట్టూ తుడవండి. నీళ్ళతో కడగొద్దు.

ఆరోది, రిమోటు ఎవరితో మాట్లాడుతున్నదో చూడండి. నాలుగైదు వస్తువులకు పనిచేసే రిమోటు మీద "టీవీ" అనీ, "బాక్సు" అనీ వేరువేరు బటన్లుంటాయి. పిల్లలు ఆడుతూ "బాక్సు" నొక్కి ఉంటారు. ఇప్పుడు రిమోటు బాక్సుతో మాట్లాడుతుంది. టీవీ ఊరికే కూర్చుంటుంది. "టీవీ" నొక్కి, తరవాత సౌండ్ నొక్కండి.

ఏడోది, భాష మరిచిపోయిందేమో చూడండి. సెల్లు తీసి చాలాసేపు ఉంచితే కొన్ని రిమోట్లు నేర్చుకున్నది మరిచిపోతాయి. మళ్ళీ అంకెలు నొక్కాలి. అందుకే కొత్త సెల్లు చేతిలో పెట్టుకుని పాతవి తీయండి.

ఇవన్నీ చూశాక కూడా పనిచెయ్యకపోతే అప్పుడు కొత్త రిమోటు మాట తలపెట్టండి.

"నో సిగ్నల్" అంటే?

అత్తాకోడళ్ళ మాటలు వినండి.

"ఏమ్మాయ్, టీవీ పోయింది. తెరంతా నల్లగా అయింది. ఏదో ఇంగ్లీషు ముక్క తిరుగుతున్నది."

"ఏ ముక్క అత్తయ్యా? ఎన్‌తో మొదలైందా?"

"అవును. నువ్వు నేర్పిన ఎన్, ఓ. ఆ పక్కన ఇంకేదో ఉంది."

"అది నో సిగ్నల్ అత్తయ్యా. టీవీ పోలేదు. దారి తప్పింది."

"దారి తప్పడమేంది?"

"టీవీ వెనక చాలా బెజ్జాలున్నాయి చూడు. ఒక బెజ్జంలో బాక్సు వైరు పెట్టాం. టీవీ ఇంకో బెజ్జం వైపు చూస్తున్నది. అటు ఎవరూ లేరు. అందుకని సిగ్నల్ లేదంటున్నది."

"మరి ఇటు తిప్పడం ఎట్టా?"

"టీవీ రిమోటు మీద సోర్స్ అనో, ఇన్‌పుట్ అనో బటన్ ఉంటుంది. నొక్కితే పేర్లు వస్తాయి. ఒక్కొక్కటే మార్చి చూడు. బొమ్మ వచ్చిన చోట ఆగు."

అత్త నొక్కింది. మూడో పేరు దగ్గర బొమ్మ వచ్చింది. "దీనికా పొద్దున్నుంచీ ఎదురుచూశాను!" అన్నది.

బొమ్మ రాకపోతే బాక్సు చూడండి. దాని దీపం వెలుగుతున్నదా? వైరు ఊడిందా? నెల డబ్బు కట్టారా? రిమోటును తిట్టే ముందు ఈ మూడూ చూడాలి.

ఏ రిమోటుకూ లొంగనివి

ఈ మధ్య వచ్చిన కొన్ని స్మార్ట్ టీవీల రిమోట్లకు మైకు బొమ్మ ఉన్న బటన్ ఉంటుంది. వాటిలో కొన్ని వెలుగుతో కాక, బ్లూటూత్ తరంగాలతో మాట్లాడతాయి. అటు తిప్పి పట్టుకుని నొక్కినా పనిచేస్తాయి. అటువంటి పనులు మామూలు యూనివర్సల్ రిమోటుకు చేతకావు. కొనేటప్పుడు ఇది అడిగి తెలుసుకోండి. ఇంకోవైపు, కొన్ని షావొమీ ఫోన్లలో రిమోటులాంటి బల్బు ఉంటుంది. అటువంటి ఫోను ఇంట్లో ఉంటే అదే రిమోటుగా పనికొస్తుంది.

చేయకూడని పనులు

టీవీ వెనక మూత విప్పొద్దు. పాత డబ్బా టీవీలలో ప్లగ్గు తీసినా లోపల పెద్ద కరెంటు నిలిచి ఉంటుంది. అది మెకానిక్కు పని.

రిమోటు నీళ్ళలో పడితే వెంటనే సెల్లు తీసెయ్యండి. గాలికి బాగా ఆరాకే మళ్ళీ సెల్లు వెయ్యండి. వరద నీళ్ళలో తడిసిన టీవీకి, బాక్సుకు అసలు కరెంటు పెట్టొద్దు. ముందు మెకానిక్కుకు చూపించండి.

పాత సెల్లు పొయ్యిలో వెయ్యొద్దు. పేలుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. కొన్ని పలచటి చిన్న రిమోట్లలో పెన్సిల్ సెల్లు ఉండవు. రూపాయి బిళ్ళలాంటి గుండ్రటి సెల్లు ఉంటుంది. అది తళతళా మెరుస్తుంది. పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోవచ్చు. ప్రాణం మీదికి వస్తుంది. పిల్ల మింగిందని అనుమానం వస్తే చాలు, తెల్లవారనిద్దాం అనుకోవద్దు. వాంతి చేయించొద్దు. 108కి ఫోను చెయ్యండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. "రిమోటు సెల్లు మింగింది" అని డాక్టరుతో చెప్పండి. అటువంటి రిమోటు మూత వదులైతే టేపు చుట్టండి. పిల్లలకు అందని చోట పెట్టండి.

రాసి పెట్టుకోండి

అంకె కుదిరింది. టీవీ మాట విన్నది. ఇప్పుడు ఆఖరి పని ఒకటుంది. చిన్న కాగితం ముక్క తీసుకోండి. టీవీ కంపెనీ పేరు రాయండి. కుదిరిన అంకె రాయండి. సెల్లు మార్చిన నెల రాయండి. రిమోటు వెనక అతికించండి. ఇంకో కాగితం మీద కూడా రాసి రేషన్ కార్డు ఉన్న సంచిలో పెట్టండి.

ఈసారి రిమోటు మరిచిపోతే వెతుక్కోనక్కర్లేదు. కొడుకు బడినుంచి రావాలని చూడనక్కర్లేదు. మీ చేతిరాతే మీకు దారి చెబుతుంది. చదువు ఇందుకే. పెద్ద పెద్ద పుస్తకాలకే కాదు, చిన్న చిన్న పనులకూ చదువు కావాలి. బస్సు మీది పేరు చదివారు. బ్యాంకు పుస్తకంలో అంకె చదివారు. ఈ కాగితంలో అంకె చదవలేరా?

ఒకరు నేర్చుకుంటే పదిమందికి చెప్పండి. పొదుపు సంఘం కూర్చున్న రోజు ఒక పాత రిమోటు తెచ్చి మధ్యలో పెట్టండి. మూత తీసి, సెల్లు వేసి, అందరూ తలా ఒకసారి చేసి చూడండి. చేత్తో చేసిన పని మరపు రాదు.

ఆలోచించండి, చెప్పండి

1. మీ ఇంట్లో ఎన్ని రిమోట్లు ఉన్నాయి? ఏది దేనికి?

2. రిమోటు పనిచెయ్యకపోతే మొదట ఏం చూడాలి? ఎందుకు?

3. సెల్లు మీద ఉండే రెండు గుర్తులు పలక మీద రాయండి.

4. "నో సిగ్నల్" అని వస్తే టీవీ పాడైనట్టా? ఏం చెయ్యాలి?

5. గుండ్రటి సెల్లు పిల్లలు మింగితే ఏం చెయ్యాలి? ఏం చెయ్యకూడదు?

6. మీ టీవీ కంపెనీ పేరు, బాక్సు పేరు చూసి రాసుకుని రండి.